తేనెపెట్టెల బండి

కొలత సరిగ్గా ఉన్నాక కూడా బండి ఊగుతోందని ఎవరైనా అంటే, ఆ మనిషి అబద్ధం చెబుతున్నట్టా కాదా అని అంకారావు ఇన్నయ్య మేస్త్రీని అడిగాడు. తన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు ఇలాంటి ప్రశ్న వేస్తే ఇన్నయ్య మేస్త్రీ నోటితో జవాబు చెప్పే మనిషి కాదు. చేతికో పానా ఇచ్చి ఎక్కడికో పంపుతాడు, లేకపోతే వెంటబెట్టుకుని తానే పోతాడు. ఆ రోజు చేతులు గుడ్డకు తుడుచుకుంటూ, "ఎవరన్నారు?" అని మాత్రం అడిగాడు.

"మా అన్నే. మూడుసార్లు అన్నాడు. మూడుసార్లూ బండి కిందకి దూరి కొలిచాను. ముందు మూడు డిగ్రీలు, వెనక మూడు డిగ్రీలు. డాష్‌బోర్డు మీద గ్లాసు నిండా నీళ్ళు పెట్టి చిలకలూరిపేట దాకా తోలుకొచ్చాను. చుక్క ఒలకలేదు. ఇంకేం చెయ్యమంటారు?"

"ఏం చెయ్యొద్దు. మీ అన్న మళ్ళీ ఎప్పుడు బరువేసుకుని పోతున్నాడు?"

"ఎల్లుండి పొద్దున్నే."

"అయితే ఎల్లుండి పొద్దున్నే మనమూ పోదాం" అని మేస్త్రీ మళ్ళీ పనిలోకి వంగాడు.

నరసరావుపేటలో వినుకొండ రోడ్డు మీద ఇన్నయ్య మేస్త్రీ షెడ్డును ఆనుకునే నా వెల్డింగు కొట్టు ఉండేది. ఈ సంగతిలో నా చెయ్యి కూడా ఉంది కాబట్టి ముందే చెప్పేస్తున్నాను, వెల్డింగులో తప్పు లేదు. ఆ మాట అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. అంకారావు గీత గీసిన చోటే అతుకు పెట్టాను, వెంట్రుకవాసి అటూ ఇటూ పోలేదు.

అంకారావు అన్న పేరు పున్నయ్య. తేనెటీగల పెట్టెలు పెంచుకునేవాడు. ఏ ఊళ్ళో ఏ చేను పూతకొస్తే ఆ చేల పక్కకి పెట్టెలు తోలుకుపోవడం ఆయన పని. దానికోసం ఒక పాత పికప్ ఉండేది, గుండ్రటి బానెట్టుది, ఇప్పుడు అలాంటివి కనపడవు. ఆ ఏడు ఆయనకు నడుముకు ఆపరేషన్ అయింది. మోకాలి ఎత్తు దాటి బరువు ఎత్తొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. పికప్ తొట్టి చూస్తే నడుమెత్తు. కూలివాణ్ణి పెట్టుకోమంటే, పెట్టె కుదిపితే ఈగలు రేగుతాయని తెలియనివాణ్ణి ఎలా పెట్టుకోను అన్నాడు. అప్పుడు అంకారావే ముందుకొచ్చి, బండినే కిందకి దించేద్దాం అన్నా, అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. ఆ మాట కూడా చెప్పాలి.

బండిని దించడం అంత కష్టమేం కాదు. వెనక చక్రాలను మోసే ఇరుసు గొట్టాన్ని మేం హౌసింగు అంటాం. అది బరువు మోసే కమాను పట్టీల కింద ఉంటే విప్పి పట్టీల మీదకి ఎక్కించాలి. ముందు కమానులో ఒకటి రెండు పట్టీలు తీసెయ్యాలి. బండి జానెడు దాకా నేలకు దిగుతుంది. దించిన తర్వాతే అసలు పని. ఇంజను ముందుంటుంది, తిరగాల్సిన చక్రాలు వెనకుంటాయి. ఆ రెంటినీ కలుపుతూ బండి కింద పొడుగాటి గొట్టం తిరుగుతుంటుంది, దాన్ని ప్రొపెల్లర్ షాఫ్టు అంటారు. రెండు చివర్లా రెండు క్రాసులు, అంటే మణికట్టులా మడత పడే కీళ్ళు. తెలియనివాళ్ళు అంతా ఒకే గీతలో నిటారుగా ఉంటే మంచిదనుకుంటారు. అలా పెడితే క్రాసు లోపల సూదుల్లాంటి బేరింగులు కదలక ఒకేచోట అరిగి చస్తాయి. కొంచెం వాలు ఉండాలి. ఇంజను తోక ఎంత కిందకి వాలితే, షాఫ్టు వచ్చి కలిసే హౌసింగు ముక్కు అంత పైకి లేవాలి. అప్పుడు ముందు క్రాసులో పుట్టే కుదుపును వెనక క్రాసు మింగేస్తుంది. ఆ లెక్క తప్పితే ఒక వేగం దగ్గర బండి అంతా జ్వరమొచ్చినట్టు వణుకుతుంది.

అంకారావుకు ఇదంతా బాగా తెలుసు. పదకొండేళ్ళు మేస్త్రీ దగ్గర చేసినవాడు. అయస్కాంతంతో ఇనుముకు అతుక్కుని ముల్లుతో డిగ్రీలు చూపించే గడియారం లాంటి సాధనం ఒకటి విజయవాడ నుంచి తెప్పించుకున్నాడు. మా వీధిలో అది ఇంకెవరికీ లేదు. బండి దించి, దానితో కొలిచి, నా చేత అతుకులు వేయించి, అన్నకు అప్పగించాడు. మొదటి తోలకంలోనే ఎనిమిది పెట్టెల్లో తేనెపట్లు విరిగి పడ్డాయి. పట్టు విరిగితే తేనె కారి, ఆ తేనెలోనే ఈగలు మునిగి చస్తాయి. చేతులు కడుక్కుని చూస్తూ కూర్చోవడం తప్ప చేసేదేం ఉండదు. పున్నయ్య షెడ్డుకొచ్చి, యాభై దాటితే బండి వణుకుతోందిరా అంకా, అన్నాడు. అంకారావు కొలిచాడు. సరిగ్గానే ఉంది. రెండోసారి వచ్చాడు. సరిగ్గానే ఉంది. మూడోసారి మా అందరి ముందూ, "అన్నా, ఈగల్ని తోలడం వేరు, బండి తోలడం వేరు. గేరు మార్చడం రాక నా పని మీద పెడుతున్నావు" అన్నాడు. పున్నయ్య బండెక్కి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆయన భార్య ఆదెమ్మ కబురు పంపింది: నువ్వుల చేల పూత అయిపోయింది, అద్దంకి అవతల పొద్దుతిరుగుడు పూసింది, మిగిలిన ముప్పై పెట్టెలూ అక్కడికి చేర్చకపోతే ఈగలు ఆకలికి చస్తాయి, ఈ తోలకంలో కూడా పట్లు విరిగితే మీ అన్న పెట్టెలూ బండీ అమ్మేసి కాపలా పనికి పోతానంటున్నాడు, మీ ఇంటి గడప మాత్రం తొక్కడట. అంకారావు ఆ ప్రశ్న మేస్త్రీని అడిగింది ఈ కబురు వచ్చిన సాయంత్రమే. నన్నెవరూ ఏమీ అడగలేదు. అడిగితే వెల్డింగు గురించి చెప్పేవాణ్ణి.

ఆ పొద్దున మేం ముగ్గురం, మేస్త్రీ, అంకారావు, నేను, తెలతెలవారుతుండగా పున్నయ్య పెట్టెలున్న చేనుకు చేరాం. జాకీ, పానాలు తెచ్చుకున్నాం. ఒక పక్క మందంగా, ఇంకో పక్క పల్చగా నేను చెక్కిన ఇనుప ముక్కలు కొన్ని సంచిలో వేసుకొచ్చాను. మేస్త్రీ తెమ్మంటేనే తెచ్చాను. పెట్టెల మూతులకు ముందు రోజు సాయంత్రమే జాలీ కొట్టేశారు. ఎండెక్కేలోపు అద్దంకి దాటి పెట్టెలు దించి జాలీలు తీసెయ్యాలి. లేకపోతే లోపల ఈగలు ఉడికిపోతాయి. అందుకని పున్నయ్య మమ్మల్ని చూసి పలకరించడానికి కూడా ఆగలేదు. తమ్ముడి వైపు అసలు చూడలేదు. మేస్త్రీకి మాత్రం తల ఊపి, "ఎనిమిదిన్నరకల్లా నేను అక్కడుండాలి మేస్త్రీ" అన్నాడు.

"మీ పని మీరు చేసుకోండి పున్నయ్యా. మేం అడ్డం రాం" అన్నాడు మేస్త్రీ.

అంకారావు చొక్కా చేతులు పైకి మడిచి పెట్టెల వైపు నడవబోయాడు. మేస్త్రీ అతని మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఎక్కడికి?"

"నాలుగు పెట్టెలు ఎత్తి పెడతాను. ఆయన నడుం..."

"నువ్వు ముట్టుకోవద్దు. రోజూ ఆయన ఎలా ఎక్కిస్తాడో అలాగే ఎక్కించనీ. నువ్వు కూర్చో."

అంకారావు గట్టు మీద కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. ముగ్గురు మగవాళ్ళు గట్టు మీద వరసగా కూర్చుని చూస్తుంటే, ఆపరేషన్ అయిన మనిషి, ఆయన భార్య ముప్పై పెట్టెలు ఎక్కించడం మొదలుపెట్టారు. నాకైతే చాలా ఇబ్బందిగా అనిపించింది. మేస్త్రీకి మతి పోయిందేమో అనుకున్నాను.

ఆదెమ్మ మా ముందు నుంచి పోతూ, "పెళ్ళిచూపులకొచ్చినట్టు కూర్చున్నారు. కాఫీలు కూడా తెమ్మంటారా?" అంది.

"వదినా, నేను సాయం చేస్తానంటే మేస్త్రీ వద్దంటున్నాడు" అన్నాడు అంకారావు.

"నీకు నచ్చిన మాట అయితే మేస్త్రీ మాట భలే వింటావు మరిదీ."

అంకారావు తల దించుకున్నాడు. మేస్త్రీ, "తల ఎత్తి చూడు. చూడ్డానికే వచ్చాం" అన్నాడు.

పున్నయ్య పెట్టెలు ఎక్కించే తీరు ఇది. ముందు పెట్టె దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంటాడు. పెట్టెను రెండు చేతులతో తొడల మీదకి లాక్కుంటాడు, పసిపిల్లను ఒళ్ళోకి తీసుకున్నట్టు. నడుం వంచడు. అలాగే లేచి నాలుగడుగులు వేసి, బండి తోకకు ఆనించిన చెక్కపలక మీద పెడతాడు. తర్వాత పెట్టెకు రొమ్ము ఆనించి, పలక మీదుగా పైకి నెడతాడు. పెట్టె తొట్టిలోకి చేరుతుంది. చేతులు చాపినంత మేరే ముందుకి పోతుంది. అంతకుమించి నెట్టాలంటే వంగాలి, లేదా తొట్టిలోకి ఎక్కాలి. ఆయన రెండూ చెయ్యలేడు. ఆదెమ్మ పొట్టిది, ఆమె చెయ్యి అసలే అందదు. అందుకని పెట్టెలన్నీ తోక దగ్గరే ఒకదాని మీద ఒకటి చేరుతున్నాయి. క్యాబిన్ వెనక సగం తొట్టి ఖాళీగా ఉంది. అక్కడ ఒక గోనెసంచి, ఒక నీళ్ళ క్యాను తప్ప ఏమీ లేవు.

అంకారావు పది పెట్టెల దాకా ఊరుకున్నాడు. తర్వాత మెల్లగా, "బరువు ముందుకి పెట్టమని అప్పుడే చెప్పాను. సరే అన్నాడు" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు.

"సరే అనక ఏమంటాడు?" అన్నాడు మేస్త్రీ.

పదిహేనో పెట్టె దగ్గర పున్నయ్య ఆగి, బండికి చెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని కాసేపు నిలబడ్డాడు. ఆదెమ్మ వెళ్ళి ఆయన నడుముకు కట్టిన బెల్టు బిగించింది. మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అంకారావు అప్పుడు లేచి నిలబడ్డాడు. మేస్త్రీ ఈసారి చెయ్యి పట్టుకోలేదు. అంకారావు నాలుగడుగులు వేసి, తనంతట తానే ఆగి, వెనక్కి వచ్చి కూర్చున్నాడు. మిగతా పదిహేను పెట్టెలూ రెప్ప వెయ్యకుండా చూశాడు. అతని ముఖం ఎలా ఉందో నేను చూడలేదు. చూడబుద్ధి కాలేదు.

ముప్పయ్యో పెట్టె ఎక్కేసరికి బండి తోక బాగా దిగింది, ముందు బానెట్టు కొంచెం పైకి లేచింది. మా షెడ్డుకు ఆ బండి ఎన్నిసార్లు వచ్చిందో లెక్క లేదు గానీ అలా ఎప్పుడూ చూడలేదు. ఎలా చూస్తాం? ఈగల పెట్టెలతో ఎవరు షెడ్డుకొస్తారు? సుత్తి దెబ్బలు, గ్రైండరు చప్పుడు, నా వెల్డింగు మెరుపులు. పున్నయ్య ఎప్పుడూ పెట్టెలు చేలో దించేసి, తొట్టి ఊడ్చి, ఖాళీ బండితోనే వచ్చేవాడు. ఆయనొక్కడే కాదు, ఎవరైనా అంతే. నలభై ఏళ్ళు బళ్ళ మధ్య బతికినా ఈ సంగతి నాకు ఆ పొద్దునే తట్టింది.

"ఇప్పుడు కొలువు" అన్నాడు మేస్త్రీ.

అంకారావు గడియారం పట్టుకుని బండి కిందకి దూరాడు. నేల తడిగా ఉంది. వీపు కింద గోనె కూడా వేసుకోలేదు. అతని మొహానికి జానెడు పైన తొట్టి అడుగు, దాని మీద ముప్పై పెట్టెలు. జాలీలు కొట్టినా ఈగల రొద బండి ఇనుములోకి పాకి వినపడుతోంది, దూరంగా పిండిమర ఆడుతున్నట్టు. కిందనుంచి అంకారావు గొంతు వచ్చింది.

"ముందు అయిదు." వెనక్కి జరిగాడు. "వెనక రెండు."

"ఇంకోసారి చూడు."

"చూశాను మేస్త్రీ. రెండే. వెనక బరువు పడి ముక్కు తిరిగిపోయింది."

పున్నయ్య బండికి అటువైపు నిలబడి తాళ్ళు బిగిస్తున్నాడు. ఆ మాట విని చెయ్యి ఆపాడు. కిందకి వంగలేడు కాబట్టి తమ్ముడి కాళ్ళ వైపు చూస్తూ అడిగాడు.

"ఏరా అంకా, అంటే ఊగుతుందా ఊగదా?"

"ఊగుతుంది అన్నా."

"ఊగుతుంది" అని పున్నయ్య భార్య వైపు తిరిగి చెప్పాడు, ఆమెకు వినపడనట్టు. మళ్ళీ తాడు బిగించుకున్నాడు. గెలిచినవాడి గొంతు కాదది. చాలారోజులుగా ఒళ్ళు బాగాలేని మనిషికి జబ్బు పేరు తెలిస్తే ఉండే గొంతు.

అంకారావు బయటికొచ్చి వీపు మట్టి దులుపుకోకుండానే నిలబడ్డాడు. "రెండు దార్లున్నాయి. పెట్టెలు నేనెక్కి ముందుకి జరుపుతాను, పావుగంట పని. బరువు సమంగా పడితే నా పాత కొలత సరిపోతుంది. లేదంటే ముక్కు కింద వాలు ముక్క పెట్టి ఈ బరువుకు సరిచెయ్యాలి. అలా చేస్తే ఖాళీగా ఉన్నప్పుడు లెక్క తప్పుతుంది" అన్నాడు. ఎప్పటిలా మేస్త్రీ వైపే చూసి అన్నాడు.

మేస్త్రీ సంచి మూతి విప్పుతున్నాడు.

అంకారావు అన్న వైపు తిరిగాడు. "అన్నా, పూత అయిపోయాక అక్కణ్ణుంచి పెట్టెలు ఎవరు ఎక్కిస్తారు?"

"నేనూ మీ వదినా."

"ఇలాగేనా?"

"ఇంకెలా వస్తుంది నాకు?" అన్నాడు పున్నయ్య.

అంకారావు నా దగ్గరకొచ్చి చెయ్యి చాపాడు. "మూడు డిగ్రీల ముక్కలివ్వు బాబాయ్." ఇచ్చాను. ఛాసిస్‌కు రెండు పక్కలా జాకీలు పెట్టి, కమానును హౌసింగుకు పట్టి ఉంచే యూబోల్టులు వదులు చేసి, కమానుకూ హౌసింగుకూ మధ్య ముక్కలు దూర్చి బిగించడానికి మాకు ముప్పావుగంట పట్టింది. పెట్టెలు ఒక్కటి కూడా దించలేదు. నేను తొందరలో ఒక పక్క ముక్కను తిరగేసి పెట్టబోతే, అంకారావు ఏమీ అనకుండా తీసి సరిగ్గా పెట్టాడు. వెల్డింగు గురించి నేను చెప్పింది వేరు, ఇది వేరు. జాకీలు తీసి మళ్ళీ కొలిచాడు. ముందు అయిదు, వెనక అయిదు. తూర్పున ఎండ అప్పటికే పసుపు పచ్చగా పడుతోంది.

పున్నయ్య స్టీరింగు దగ్గర, ఆదెమ్మ పక్కన, మేస్త్రీ ఆమె పక్కన కూర్చున్నారు. అంకారావు, నేను తొట్టిలో ఆ ఖాళీ సగంలో కూర్చున్నాం. అంకారావు దారంతా ఎదుటి పెట్టె మీద అరచెయ్యి ఆనించి పెట్టాడు. నలభై దాటాం. యాభై దాటాం. నేను పళ్ళు బిగించుకున్నాను. యాభై అయిదు దగ్గర పున్నయ్య వేగం తగ్గించకుండా, కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి చూశాడు. అంకారావు పెట్టె మీద చెయ్యి తీసి ఊపాడు. అంతే. నేను దగ్గరుండి చూశాను కాబట్టి రాస్తున్నాను, వాళ్ళిద్దరి మధ్యా క్షమించమని గానీ పర్వాలేదని గానీ ఒక్క మాట నడవలేదు.

ఎనిమిదింపావుకు పొద్దుతిరుగుడు చేను చేరాం. అక్కడ పెట్టెలు దించేటప్పుడు మేస్త్రీ అంకారావును ఆపలేదు. అంకారావు తొట్టిలోంచి అందిస్తుంటే నేనూ మేస్త్రీ కింద అందుకున్నాం, పున్నయ్య ఏ పెట్టె ఏ దిక్కుకు పెట్టాలో చెప్పాడు. ఆదెమ్మ జాలీలు తీస్తూ వరసగా మూతలెత్తి చూసుకుంటూ పోయింది. ఇరవై, ఇరవై అయిదు. ముప్పయ్యో పెట్టె మూత మూసి, కొంగుతో ముఖం తుడుచుకుని, "ఒక్క పట్టు విరగలేదు" అంది. తర్వాత మరిది వైపు తిరిగి, "ఇప్పుడు తాగుతావా కాఫీ?" అంది.

పున్నయ్య, ఆదెమ్మ ఆ పూటకు పెట్టెల దగ్గరే ఉండిపోయారు. మమ్మల్ని నరసరావుపేటలో దిగి, బండిని షెడ్డులోనే ఉంచమన్నారు. అంకారావు తోలాడు. రోడ్డు నున్నగా ఉంది, తొట్టి ఖాళీ. అరవై దగ్గర బండి సన్నగా వణకడం మొదలుపెట్టింది. పెద్దదేం కాదు, అద్దం తలుపులో గలగలమంది, గేరు రాడ్డు చేతిలో చిమచిమలాడింది. అంకారావు యాక్సిలరేటరు వదిలాడు, మళ్ళీ తొక్కాడు, మళ్ళీ వణికింది. పదకొండేళ్ళలో అతని చేతి కింద నుంచి అలాంటి బండి ఒక్కటి కూడా బయటికి పోలేదు. నాకు తెలుసు, అతనికి అది ఒంటి మీద గాయంలా ఉంది.

సంతమాగులూరు దాటాక ఇక ఉండబట్టలేక అన్నాడు. "మేస్త్రీ, ఇది నా చేతి పనని తెలిసి రేపు ఏ మెకానిక్కైనా ఈ బండి తోలి చూస్తే నవ్వుతాడు."

"నవ్వనీ" అన్నాడు ఇన్నయ్య మేస్త్రీ, కిటికీ వైపు కళ్ళు మూసుకుంటూ. "వాడెక్కేది ఖాళీ బండి."